మార్చెయ్యండి అనని దుకాణం

చిత్తూరు బజారు వీధి పక్క సందులో ఉన్న ఒక పాత శానిటరీ సామాన్ల దుకాణం గురించి ఈ నాలుగు మాటలు. ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. ముప్పై ఏళ్ళ నాటి ఫ్లష్ ట్యాంకు కారుతోందంటే, దాన్ని పీకి పారేసి కొత్తది కొనమనకుండా, ఎక్కడ కారుతోందో కనుక్కుని అక్కడికి సరిపోయే రబ్బరు ముక్క ఇచ్చిన దుకాణం ఈ ఊళ్ళో నాకు ఇదొక్కటే కనిపించింది. ఒక నక్షత్రం ఎందుకు కోశానో కూడా చెబుతాను. కారణం గట్టిదే.

పేరు రాయడం లేదు. రాస్తానంటే యజమాని వద్దన్నారు. "పేరు పెడితే ఫోన్లు వస్తాయమ్మా. ఫోనులో వాషరు సైజు ఎవరు చెప్పగలరు?" అన్నారు. కాబట్టి గుర్తు చెబుతాను. గుమ్మానికి పైన నలుపు, నారింజ రంగు బాల్ కాక్ బంతులు, అంటే ట్యాంకు నిండగానే తేలి నీళ్ళు ఆపే బంతులు, గుత్తిగా వేలాడుతుంటాయి. బోర్డు మీద అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి. లోపల ఒక మనిషి నిలబడే చోటే ఉంటుంది, మిగిలినదంతా రేకు డబ్బాలు. ఒక్క డబ్బా మీద కూడా చీటీ ఉండదు, అయినా పెద్దాయన చెయ్యి నేరుగా కావలసిన డబ్బా మీదికే పోతుంది.

మా ఇల్లు మిట్టూరులో, 1994లో కట్టినది. కింది స్నానాల గదిలో అప్పటి తెల్ల పింగాణీ కమోడు ఉంది. ట్యాంకు కూడా పింగాణీదే, కమోడు మీదే రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. నీళ్ళు వదిలే పిడి పక్కన. అది వాడేది మా అత్తగారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఆ ఎత్తుకు అలవాటు పడ్డారు, గోడకు పట్టుకునే కడ్డీ కూడా ఆ ఎత్తు చూసుకునే వేయించాం. కొంతకాలంగా ఆ ట్యాంకులోంచి సన్నగా నీళ్ళు జారే చప్పుడు మొదలైంది. రాత్రిళ్ళు ఉండి ఉండి ఎవరూ ముట్టుకోకుండానే ట్యాంకులో నీళ్ళు పడేవి. "అమ్మాయ్, బాత్రూములో ఎవరున్నారు?" అని గదిలోంచి కేక. ఎవరూ లేరత్తయ్యా అన్నా నమ్మేవారు కాదు. ఎవరూ లేకుండా నీళ్ళెందుకు పడతాయి అని ఆవిడ వాదన. న్యాయమైన ప్రశ్నే.

నేను ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. కొలవకుండా ఏదీ మాట్లాడలేను. ట్యాంకుకు నీళ్ళు వదిలే, గోడకు ఉన్న యాంగిల్ కాక్ కట్టేసి, ట్యాంకు లోపల నీటి మట్టం దగ్గర పెన్సిలుతో గీత పెట్టి, గంట తర్వాత చూశాను. నీళ్ళు 4 సెంటీమీటర్లు దిగాయి. ట్యాంకు లోపల 40 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు. అంటే ఒక సెంటీమీటరు దిగితే 600 మిల్లీలీటర్లు పోయినట్టు. గంటకు 2.4 లీటర్లు, రోజుకు 57 లీటర్లకు పైన, నెలకు 1,700 లీటర్లు దాటుతుంది. నిజానికి ఇంకా ఎక్కువే పోతుంది. కాక్ తెరిచి ఉంటే ట్యాంకు ఎప్పటికప్పుడు నిండుతుంది కాబట్టి నీళ్ళ బరువు తగ్గదు, కారే వేగమూ తగ్గదు. ఇది చదివేవారు చిత్తూరు వారైతే ఈ అంకె ఎంత పెద్దదో వేరే చెప్పనక్కరలేదు. నీవా నది ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. ఎండాకాలం వస్తే ట్యాంకరు నీళ్ళు కొనుక్కునే వీధులు మావి. నెలకు ఒక 5,000 లీటర్ల ట్యాంకరు కొంటే అందులో మూడో వంతు ఎవరికీ పనికిరాకుండా కమోడులోంచి భూమిలోకి పోతోందన్నమాట.

ముందు అడిగింది ప్రధాన రహదారి మీద అద్దాల గోడలున్న ఒక పెద్ద షోరూములో. ఫోటో చూపించగానే, "ఈ మోడల్ ఎప్పుడో ఆపేశారు మేడమ్, మొత్తం సెట్ మార్చెయ్యండి" అన్నాడు అక్కడి కుర్రాడు. ఫోటోను పెద్దది చేసి కూడా చూడలేదు. మా వీధిలో పనిచేసే ప్లంబరు కూడా అదే మాట. ఆయన అంతకు ముందు ట్యాంకు అడుగున బోల్టుల చుట్టూ ఎం-సీల్ ముద్ద అంటించి వెళ్ళిన మనిషి. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు, అరచేతి వెడల్పు లేని రబ్బరు కోసం కమోడంతా పగలగొట్టాలట.

మార్చడం వారు చెప్పినంత సులువూ కాదు. ట్యాంకు, కమోడు జంటగా తయారవుతాయి. బోల్టు రంధ్రాల మధ్య దూరం ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ట్యాంకు మారిస్తే కమోడూ మార్చాలి. మాది కింద నేలలోకి దిగే ఎస్ ట్రాప్. గోడ నుంచి ఆ గొట్టం మధ్య వరకు ఉన్న దూరం కొత్త కమోడుకు కలవాలి, కలవకపోతే నేల రాళ్ళు పగలగొట్టాలి. పైగా ఆ కాలపు కమోడులు ఒక్కసారికి పది లీటర్ల నీళ్ళు పడతాయన్న లెక్కతో చేసినవి. ఇప్పటి రెండు బటన్ల ట్యాంకులు పెద్ద బటనుకు 6 లీటర్లు, చిన్న బటనుకు 3 లీటర్లు వదులుతాయి. పాత కమోడు వెనక ఆరు లీటర్ల గోడ ట్యాంకు పెట్టించుకుని, ప్రతిసారీ బక్కెట్టుతో మరో సగం పోసుకుంటున్న ఇళ్ళు మా బంధువుల్లోనే ఉన్నాయి. నీళ్ళు ఆదా అయింది ఎక్కడ?

బెంగళూరులో ఉన్న మా అబ్బాయి తన వంతుగా ఆన్‌లైన్లో ట్యాంకు లోపలి భాగాల కిట్ ఒకటి తెప్పించి పంపాడు. అన్ని ట్యాంకులకూ సరిపోతుందని డబ్బా మీద రాసి ఉంది. పైన బటన్ నొక్కే రకం అది, మా ట్యాంకు మూతకు రంధ్రం లేదు. పింగాణీ మూతకు రంధ్రం పొడవమని ఎవరికి చెప్పను? దాన్ని అలాగే అటక మీద పెట్టాను.

ఇక ఈ దుకాణం. మా పాలాయన చెబితే వెళ్ళాను. పెద్దాయన ఫోటో చూడనేలేదు. ప్రశ్నలు వేశారు. నీళ్ళు కమోడు లోపలికి కారుతున్నాయా, బయట నేల మీద పడుతున్నాయా? కాక్ కట్టేస్తే మట్టం అడుగుదాకా దిగుతోందా, మధ్యలో ఎక్కడైనా ఆగుతోందా? మీ మేడ మీది నీళ్ళ ట్యాంకు ఈ కమోడుకు ఎంత ఎత్తులో ఉంది? ముప్పై ఏళ్ళు పిల్లలకు ప్రశ్నలు వేసి బతికినదాన్ని, మంచి ప్రశ్న వింటే గుర్తు పడతాను. ఈ మూడింటితో జబ్బు సగం తేలిపోయింది.

ఎందుకో ఆయనే చెప్పారు. ఫ్లష్ ట్యాంకు కారడానికి దారులు మూడే. ఒకటి, అడుగున నీళ్ళను ఆపే రబ్బరు మూత గట్టిపడి సరిగా కూర్చోకపోవడం. అప్పుడు మట్టం అడుగుదాకా దిగుతుంది. రెండు, నీళ్ళు నింపే బాల్ కాక్ పూర్తిగా మూసుకోకపోవడం. అప్పుడు నీళ్ళు పైకి పెరిగి, మధ్యలో నిలబడి ఉండే ఓవర్‌ఫ్లో గొట్టంలోకి పొర్లిపోతాయి, కాక్ కట్టగానే మట్టం ఆ గొట్టం అంచు దగ్గర ఆగిపోతుంది. మూడు, ట్యాంకును కమోడుకు బిగించే బోల్టుల వాషర్లో, రెండింటి మధ్య ఉండే లావు స్పాంజి రబ్బరో అరిగిపోవడం. అది నేల మీద చెమ్మగా కనిపిస్తుంది. పింగాణీకి పగులుంటే మాత్రం మట్టం పగులు దాకా దిగి అక్కడే నిలుస్తుంది, అప్పుడు తన దగ్గర మందు లేదన్నారు. ట్యాంకు మార్చాల్సిందే అన్న మాట ఆయన నోట వచ్చింది ఆ ఒక్క సందర్భానికే.

ఏమీ అమ్మకుండానే ఇంటికి పంపారు. ట్యాంకు నీళ్ళలో బట్టలకు వేసే నీలిమందు కొన్ని చుక్కలు కలిపి, అరగంట ఎవరూ ఫ్లష్ చేయకుండా ఉండి కమోడులో చూడమన్నారు. చూశాను. కమోడు అడుగున నిలిచే నీళ్ళు లేత నీలం అయ్యాయి. రబ్బరు మూత పాడైందని రుజువు. ట్యాంకు కింద తెల్ల గుడ్డ పరిచి చూడమన్నది కూడా చేశాను. దాని మీద కూడా ఎడమ బోల్టు దగ్గర ఒక నీలం చుక్క. ఎం-సీల్ ముద్ద లోపల కారేది కారుతూనే ఉందన్నమాట. అత్తగారు వచ్చి చూసి, ఇంట్లో ఎవరైనా ఇంకు తాగారా అని అడిగారు.

పాత రబ్బరు విప్పి తీసుకుపోతే పెద్దాయన దాన్ని వంచి చూశారు. అంచు చిట్లింది. "ట్యాంకులో బిళ్ళలు వేస్తారా?" అన్నారు. వేస్తాం. కమోడు వాసన రాకుండా నెలనెలా కొని వేసే బిళ్ళలే. వాటిలో క్లోరిన్ ఉన్న రకాలు రబ్బరును తినేస్తాయని, ట్యాంకరు నీళ్ళలో కలిపే బ్లీచింగు పౌడరు కూడా అంతో ఇంతో ఆ పనే చేస్తుందని చెప్పారు. కొత్త రబ్బరు వేసినా దాని కింద నీళ్ళు దిగే గొట్టం అంచు నున్నగా లేకపోతే లాభం లేదు. మా బోరు నీళ్ళలో ఉన్న సున్నం ఆ అంచు మీద గరుకుగా పేరుకుని ఉంది. దానికి ఆసిడ్ వాడవద్దని, గోరువెచ్చని నీళ్ళలో నిమ్మ ఉప్పు కరిగించి గుడ్డ తడిపి ఒక గంట అంచు మీద ఉంచి రుద్దమని చెప్పారు. అంచు ఇత్తడిది కాబట్టి ఇసుక కాగితం అసలే వద్దన్నారు, గీతలు పడితే ఆ గీతల్లోంచే కారుతుందట. నిమ్మ ఉప్పు మాత్రం ఆయన దగ్గర లేదు, కిరాణా కొట్టులో కొనుక్కోమన్నారు. తన దగ్గర లేని వస్తువుతో పని అవుతుందని చెప్పే వ్యాపారి అరుదు.

ధరలు చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. అడుగు రబ్బరు 90 రూపాయలు. ట్యాంకుకు, కమోడుకు మధ్య వేసే స్పాంజి రబ్బరు 70. బోల్టులు, వాషర్లు, నట్లు కలిపి జత 160. బాల్ కాక్ లోపలి చిన్న వాషరు 10. బిగించడానికి మనిషికి 400. అంతా కలిపి 730 రూపాయలు. షోరూములో కమోడు, ట్యాంకు కలిసిన సెట్‌కు చెప్పిన ధర, దాన్ని కూర్చోబెట్టే కూలీ, నేల రాళ్ళ ఖర్చు ఇక్కడ రాస్తే బాగుండదు.

బాల్ కాక్ మొత్తం మార్చమని నేనే అడిగాను. వద్దన్నారు. మేడ మీది ట్యాంకు నీటి మట్టం మా కమోడుకు సుమారు నాలుగు మీటర్ల ఎత్తులో ఉంది. పది మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి అనుకుంటే, మాకు వచ్చేది అర కిలో కూడా కాదు. కొత్తగా వస్తున్న ప్లాస్టిక్ ఇన్లెట్ వాల్వుల్లో కొన్ని పలుచని పొర మీద ఆధారపడి మూసుకుంటాయి. మోటారు పెట్టి ఒత్తిడి పెంచిన అపార్టుమెంట్లలో అవి చక్కగా పనిచేస్తాయి. మాలాంటి ఇళ్ళలో కొన్ని నిదానంగా నింపుతాయి, కొన్ని సరిగా మూసుకోవు. పాత ఇత్తడి బాల్ కాక్‌కు అలాంటి పేచీ లేదు, బంతి పైకి తేలితే కడ్డీ నొక్కుతుంది, వాషరు మూసుకుంటుంది. బంతిని చెవి దగ్గర పెట్టి ఊపి చూశారు. లోపల నీళ్ళు చేరి ఉంటే గలగలమంటుందట, అప్పుడది సరిగా తేలదు. మాది శుభ్రంగా ఉంది. పది రూపాయల వాషరుతో సరిపెట్టారు. ఎత్తు సంగతి ఆయన ముందే ఎందుకు అడిగారో అప్పుడు అర్థమైంది. అటక మీది కిట్‌లో ఉన్నది ఈ పలుచని పొర రకమే, మా అబ్బాయికి ఫోను చేసి చెప్పాను.

బిగించడానికి వచ్చిన కుర్రవాడికి పాతికేళ్ళు ఉంటాయేమో. మాట తక్కువ. తుప్పు పట్టిన పాత బోల్టులు స్పానరుకు లొంగలేదు. వాటిని తిప్పడానికి బలం పెట్టకుండా, ట్యాంకుకు కమోడుకు మధ్య సందులో ఆక్సా బ్లేడు పెట్టి నిదానంగా కోశాడు. బలం పెడితే ముందు పగిలేది పింగాణీయేనని నాకు తర్వాత చెప్పాడు. ట్యాంకును ఎత్తి గోనె సంచి మీద పడుకోబెట్టాడు. ఎం-సీల్ గీకడానికే ఎక్కువ సేపు పట్టింది, ఆ పని చేసినవాడిని మనసులో ఏమనుకున్నాడో తెలియదు గాని పైకేమీ అనలేదు. కొత్త బోల్టులు వేసి, ఎడమవైపు కొంచెం, కుడివైపు కొంచెం, మళ్ళీ ఎడమవైపు, ఇలా మార్చి మార్చి బిగించాడు. చేత్తో తిరిగినంత తిప్పి, ఆపైన స్పానరుతో పావు చుట్టు మాత్రమే. ట్యాంకు కదలకూడదు, అలాగని పింగాణీ మీద పింగాణీ ఒరుసుకోకూడదు. చివరికి రబ్బరు మూత గొలుసును అర అంగుళం వదులుగా ఉంచాడు. గొలుసు మరీ బిగువుగా ఉంటే మూత పూర్తిగా కూర్చోదు, మరీ వదులైతే మూత కింద ఇరుక్కుంటుంది. బాల్ కాక్ కడ్డీని కాస్త కిందికి వంచి, నీటి మట్టం ఓవర్‌ఫ్లో గొట్టం అంచుకు ఒక అంగుళం కిందనే ఆగేలా చూశాడు. కాఫీ ఇస్తే చేతులు కడుక్కున్నాకే తీసుకున్నాడు.

పని అయ్యాక మళ్ళీ గీత పెట్టాను. రాత్రంతా యాంగిల్ కాక్ కట్టేసి ఉంచితే తెల్లవారేసరికి నీళ్ళు గీత మీదే ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు. ఇంత నిక్కచ్చిగా ఎందుకంటే, చప్పుడు ఆగింది కాబట్టి కారడం ఆగిందనుకునేవారు చాలామంది ఉన్నారు. చప్పుడు చేయకుండా కారేది కూడా ఉంటుంది, నీలిమందు పరీక్ష ఏడాదికోసారి చేసుకోండి.

ఇప్పుడు కోసిన నక్షత్రం సంగతి. మొదట ఇచ్చిన బోల్టుల జత ఇత్తడిదని చెప్పి ఇచ్చారు. పచ్చగా మెరుస్తోంది కూడా. ఇంటికొచ్చి, ఫ్రిజ్ తలుపు మీద బొమ్మ అంటించే అయస్కాంతం దగ్గర పెడితే టక్కున అంటుకుంది. ఇత్తడికి అయస్కాంతం అంటుకోదు. ఇనుముకు పచ్చ పూత పూశారు, అంతే. మా ఇంట్లో పాత బోల్టులు కుళ్ళిపోయింది ఎందుకు మరి? తీసుకుపోయి చూపిస్తే పెద్దాయన వాదించలేదు. లోపలి డబ్బాలోంచి అసలైన ఇత్తడి జత తీసి ఇచ్చారు, అయస్కాంతం కూడా తనే తెచ్చి ఆనించి చూపించారు. పై 160 రూపాయలు దాని ధరే. "హోల్‌సేల్లో కలిసిపోయి వస్తాయమ్మా" అన్నారు. వస్తే రావచ్చు. డబ్బాల్లో చెయ్యి తడబడని మనిషి ఆ రెండు జతలనూ విడిగా పెట్టుకోలేరా? లెక్క తప్పిన పిల్లవాడికి జవాబు చివర్లో సరిచేశాడని పూర్తి మార్కులు నేనెప్పుడూ వేయలేదు. నీళ్ళలో నానే ప్రతి బోల్టునూ అయస్కాంతంతో చూసి కొనుక్కోండి, ఏ దుకాణమైనా సరే.

బిల్లు కూడా ఇవ్వరు. అడిగితే తెల్ల కాగితం మీద మొత్తం అంకె వేసి ఇస్తారు, ఏది ఎంతో ఉండదు. పై ధరలన్నీ నేను నిలబడి ఒక్కొక్కటే రాయించుకున్నవి. మనిషిని పంపితే కూలీ ఎంతో ముందే మాట్లాడుకోండి, నాతో పని అయ్యాక చెప్పారు. పిడి మీద క్రోమియం పూత పోయింది కదా, దాని జోడు ఉందా అంటే లేదన్నారు. పింగాణీ శానిటరీ సామాను తయారయ్యే రాణిపేట మాకు దగ్గరే కాబట్టి పింగాణీ సరుకు ఈ ఊరికి ఎప్పుడూ కరువు లేదు గాని, పాత మోడళ్ళ పిడులు ఎవరూ దాచిపెట్టలేదట. పిడి పనిచేస్తోంది, చూడ్డానికే బాగుండదు. అత్తగారికి అదేమీ పట్టలేదు. ఆవిడ ఫిర్యాదల్లా, రాత్రి మరీ నిశ్శబ్దంగా ఉంటోంది, నీళ్ళు వస్తున్నాయో లేదో తెలియడం లేదని.

వెళ్ళేవారు పాత ముక్కను విప్పి చేతిలో పట్టుకుని వెళ్ళండి, ఫోటో పనికిరాదు. ట్యాంకు లోపల ఓవర్‌ఫ్లో గొట్టం ఎత్తు, అడుగు గొట్టం వ్యాసం కొలిచి చీటీ మీద రాసుకోండి. మధ్యాహ్నం ఒంటిగంటకు షట్టరు దించేస్తారు, మూడున్నర దాటితే గాని తెరవరు. జూన్, జూలైలో అయితే పొద్దున్నే వెళ్ళండి, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే తోతాపురి మామిడి ట్రాక్టర్ల మధ్య ఇరుక్కుంటే బజారు వీధి చేరేసరికి షట్టరు దించే వేళవుతుంది. సందులోకి ఆటో రాదు. చిల్లర తీసుకెళ్ళండి.